ఇసుక పిండి

నాకు నెల తప్పిందని తెలిసిన నాడు మా అత్త చేసిన మొదటి పని, నా మంచం ఎత్తించి అటక మీద పెట్టించడం. కడుపుతో ఉన్న కోడలిని పులుపు కావాలా, తీపి కావాలా అని అడిగే ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం నులక మంచం పైకి పోయింది, నేను చాప మీదికి వచ్చాను.

"కాన్పయ్యేదాక ఇంక కిందనే పండుకో. లేసినప్పుడల్ల మోకాళ్ల మీద చెయ్యేసి నీ అంతల నువ్వే లెవ్వు. ఎవ్వల చెయ్యి పట్టుకోకు," అంది. సంతోషమని ఒక్క మాట అనలేదు.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉండేది. ఆ రోజు చాప మీద అటు తిరిగి ఇటు తిరిగి, అటక మీది మంచం కోళ్లను చూస్తూ ఆమెను మనసారా తిట్టుకున్నాను. తల్లి ఉంటే తొలికాన్పుకు పుట్టింటికి పోయేదాన్ని. అమ్మ లేదు. సంగతి తెలిసి నాయిన వచ్చాడు గానీ గడప దాటి లోపలికి కూడా రాలేదు. వాకిట్లోనే కూర్చుని, "మా ఇంట్ల ఆడదిక్కు లేదక్కా. నీ బిడ్డే అనుకొని నువ్వే సూసుకో," అన్నాడు. మా అత్త ఆ మాట వింటూనే లేచి లోపలికి పోయింది. ఎంత పొగరు అనుకున్నాను. నాయిన మంచినీళ్లు తాగి, రుమాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

మాది ఆలేరు అవతల, రాళ్ల గుట్టల నడుమ ఉన్న ఊరు. గాలి ఇటు తిరిగితే రైలు కూత వినిపించేది. ఎక్కడో దేశాల్లో లడాయి నడుస్తున్న రోజులవి. మాకున్నది కొంచెం చెలక. వాన పడితే జొన్న, లేకపోతే లేదు. ఇంట్లో ముగ్గురమే. అత్త, ఆమె కొడుకు, నేను. మామ ఎప్పుడో పోయాడు. నా పెనిమిటి మాట తక్కువ మనిషి, మంచి పొడగరి. నిటారుగా నడిచేవాడు. మా తలుపు పొట్టిది. వంగడం మరిచిపోయి రోజుకోసారైనా తల కొట్టుకునేవాడు. ఆ చప్పుడు వినిపించగానే పొయ్యి దగ్గర నాకు నవ్వొచ్చేది. ఆ ఇంట్లో నాకు నవ్వొచ్చే సంగతి అదొక్కటే.

తెల్లవారకముందే అత్త నన్ను లేపేది. ముందు ఇసుర్రాయి. రాయికి అటు ఆమె, ఇటు నేను. కాళ్లు రెండూ బార చాపి, రాయిని నడుమ పెట్టుకుని, పిడి మీద నాలుగు చేతులు వేసి తిప్పాలి. చేతులతో తిప్పితే ఒప్పుకునేది కాదు. నడుము నుంచి ముందుకు వంగాలి, మళ్లీ వెనక్కి పోవాలి. పిండి అయ్యాక వాకిలి అలకాలి. గొంతుక్కూర్చుని పేడనీళ్లతో అలుకుతూ వెనక్కి వెనక్కి జరుగుతూ గోడ నుంచి గడప దాకా రావాలి. నాకు ఒళ్లు మండిపోయే సంగతి ఏమిటంటే, ఆ వాకిలి అంతకు ముందే అలికి ఉండేది. నేను లేవకముందే ఆమే అలికేది. ఆరిన అలుకు మీద నా చేత మళ్లీ అలికించేది. పొద్దు వాలాక గుట్ట మీదికి పంపేది. పుల్లలకు కాదు. ఎక్కి దిగి రమ్మని. నేను కావాలని రెండు పుల్లలు ఏరుకొస్తే లాక్కుని విసిరేసింది.

"బరువెత్తకు. ఒళ్లు వంచు. రెండూ ఒక్కటి కావు," అంది.

బిందె ముట్టనిచ్చేది కాదు. నీళ్లు తానే మోసేది. అది నాకు ఆనాడు కనపడలేదు. కోడలితో పని చేయించుకునే అత్తలను చూశాను గానీ, పని లేకపోయినా చేయించే అత్తను ఈమెనే చూశాను. రాయి దగ్గర పాట పాడుతున్నట్టు రాగం తీసి తిట్టేదాన్ని. మంచం గుంజుకున్న మహాతల్లి అనీ, మన్ను తిన్న పాము అనీ, నోటికి ఏదొస్తే అది. ఆమెకు అర్థమయ్యేదో లేదో, రాగానికి తగ్గట్టు తలూపుతూ రాయి తిప్పేది.

కడుపు బాగా కనపడుతున్న నాళ్లకు మంత్రసాని వచ్చింది. అత్త నీళ్లకు పోయింది. ఆ ముసలామె నా పొట్ట మీద నూనె రాస్తూ అటక వైపు చూసి, "గా మంచం ఇంక ఉంచిందా?" అంది. నేను నా గోడంతా వెళ్లబోసుకున్నాను.

"గది మీ ఆడబిడ్డ మంచం," అంది.

నా పెనిమిటికి ఒక చెల్లెలు ఉండేదనీ, నా పెళ్లికి ముందే పోయిందనీ నాకు తెలుసు. ఎట్లా పోయిందో ఎవరూ చెప్పలేదు. మంత్రసాని చెప్పింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన బిడ్డను మా అత్త కాలు కింద పెట్టనివ్వలేదట. పుల్ల తీసి పుల్ల పెట్టనివ్వలేదట. మంచం మీద కూర్చోబెట్టి అన్నం తానే కలిపి ముద్దలు పెట్టిందట. నొప్పులు మొదలైనాక ఆ పిల్ల పొద్దూ మాపూ అరిచి అరిచి, కడుపులో బిడ్డతో సహా ఆ మంచం మీదే పోయింది.

"ఒళ్లు వంచకపోవట్కె బిడ్డ సచ్చిందని మీ అత్త మనసుల పడ్డది. పిండం అడ్డం తిరిగింది, ఎవ్వలేం జేస్తరని నేను శాన మాట్ల చెప్పిన. ఇనది," అంది మంత్రసాని.

పెళ్లయినప్పటి నుంచీ నేను పడుకున్నది ఆ మంచం మీదే. నీ బిడ్డే అనుకొని చూసుకోమని నాయిన అన్నప్పుడు ఆమె ఎందుకు లేచిపోయిందో అప్పుడు తెలిసింది. నా కోపం పోయిందని అబద్ధం చెప్పను. నడుము నొప్పి నడుము నొప్పే. కానీ మరునాడు రాయి దగ్గర తిట్లు నోటికి రాలేదు. ఆమె తలెత్తి, "పాట పాడవేంది?" అని అడిగింది.

ఆ ఏడు జొన్న బాగానే చేతికొచ్చింది. కళ్లం మీద ఉండగానే లెవీకని వచ్చారు. పటేలు ఉన్నాడు, పట్వారీ ఉన్నాడు, గుర్రం మీద, శిస్తు లెక్కలు చూసే గిర్దావరు ఉన్నాడు. సర్కారుకు ఇంత ఇవ్వాలన్నారు. ఆ లెక్క ఎవరికీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే లోపల బండ్లు నిండి ఆలేరు స్టేషను దారి పట్టాయి. మాకు మిగిలింది గింజలు పోసే గుమ్మి అడుగున ఊడిస్తే వచ్చేంత. అది ఎండలు ముదరకముందే అయిపోయింది. తర్వాత చింతచిగురు, గట్ల మీది ఆకుకూర, గుట్ట మీది తునికి పండ్లు, తవుడు కలిపిన అంబలి. ఊరంతా అదే తిండి. తెల్లవారుజామున ఏ ఇంట్లోనూ రాయి మోగడం లేదు. అంతకు ముందు ఆ వేళకు ఊరంతా రాళ్ల మోతే ఉండేది. కోడి కూసినా ఇప్పుడు ఏదో శవం లేచిన ఊరిలా ఉండేది.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు లోలోపల హాయిగానే అనిపించింది. గింజ లేదు కాబట్టి రాయి లేదు. కాసేపు ఎక్కువ పడుకోవచ్చు. ఒట్టి రాయి తిప్పడానికి లేదు. కడుపుతో ఉన్న మనిషి ఒట్టి రాయి తిప్పితే కడుపు ఒట్టిదవుతుందని మా దిక్కు నమ్మకం. మా అత్తకు ఆ భయం అందరికంటే ఎక్కువ.

రెండు రోజులు ఊరుకుంది. ఆ తర్వాత తెల్లవారుజామున వచ్చి నా భుజం తట్టింది.

"లెవ్వు. రాయి కాడికి రా."

"ఏం పోసి ఇసురుతమత్తమ్మా?"

ముందు తాను నడిచింది. పోయి చూస్తే రాయి పక్కన చాటలో ఇసుక. వాగులోంచి కొంగులో తెచ్చి, ఎండబోసి, జొన్నలు జల్లించినట్టే జల్లించి పెట్టింది. పిడికెడు తీసి రాయి నోట్లో పోసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూర్చుని పిడి పట్టుకున్నాను. జొన్నలు పోస్తే రాయి మెత్తగా రుమ్మని మోగుతుంది. ఇసుకకు కరకరమని పళ్లు జివ్వుమనేలా అరిచింది. అంచుల నుంచి తెల్లని పిండి రాలింది. చూడటానికి అచ్చం పిండే. దాన్ని కూడా ఆమె పారబోయలేదు, ఎత్తిపెట్టి దాంతో గిన్నెలు తోమేది. తోమడానికి గిన్నెల్లో ఏముంది గనక!

రోజూ అదే. ఊరంతా నిశ్శబ్దం, మా ఇంట్లో ఒక్కటే రాయి చప్పుడు.

మొదట పక్కింటి ఆమె వచ్చింది. కొంగు కింద చిప్ప దాచుకుని గడప దగ్గర నిలబడింది. "అక్కా, ఒక్క పిడికెడు పిండి. పోరగాండ్లు ఒట్టి కడుపుతోనే పండిండ్రు. మీ రాయి మోగుతాంటే ఇని వచ్చిన," అంది. మా అత్త చాట తెచ్చి ముందు పెట్టింది. ఆమె చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని తూ అని ఊసింది.

"లేదంటే లేదని చెప్పు. ఇసుక తినిపిస్తవా అక్కా?" అని కళ్లనీళ్లతో వెళ్లిపోయింది.

అసలు పిండి లోపల దాచి పైకి ఇసుక చూపించామని ఆమె అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. పటేలు కూర్చునే చావడికి మాట మోసింది ఆమేనని నేనెన్నడూ అనలేదు. మోయాల్సిన అవసరం ఎవరికుంది? మా రాయే పొద్దున్నే ఊరందరికీ చెబుతోంది.

నా పెనిమిటి తల్లితో అంత గట్టిగా మాట్లాడటం ఆ ఒక్కసారే విన్నాను. "అమ్మా, గా రాయి ఆపు. మన ఇంట్ల గింజలున్నయని ఊరంత అంటాంది. పటేలు నన్ను సూసిన సూపు మంచిగ లేదు," అన్నాడు.

ఆమె రాయి కింద గోనె సంచి పరుస్తోంది, చప్పుడు తగ్గుతుందేమోనని. తలెత్తకుండానే అంది. "నా బిడ్డ మంచం మీద అరిసిన సప్పుడు ఊరంత ఇన్నది. ఎవ్వలన్న వచ్చిండ్రా? గీ సప్పుడు గూడ ఇననియ్యి."

ఆయన నా వైపు చూశాడు. నాకు నెలలు నిండాయి. చావు భయం పట్టుకుంది, రాత్రీ పగలూ ఆ మంచమే కనపడుతోంది. నేనేమీ అనలేదు. ఆయన బయటికి పోతూ గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఒక నాడు ఎండ చుర్రుమంటున్న వేళ వచ్చారు. గిర్దావరు, పటేలు, ఇద్దరు జవాన్లు. గింజలు ఎక్కడ దాచారో చూపించమన్నారు. లేవని నా పెనిమిటి అన్నాడు. మరి పొద్దున్నే విసిరేదేమిటని అడిగారు. మా అత్త చాట తెచ్చి చూపించింది. గిర్దావరు వేళ్లతో నలిపి చూశాడు.

"గీ నౌకరీల శాన సూసిన గని, ఇసుక ఇసిరేటోళ్లను సూడలే. ఎందుకిసురుతున్నవే?"

"కోడలికి నెలలు నిండినయి దొరా. ఒళ్లు వంగితే కాన్పు అలకగైతదని."

పటేలు పెద్దగా నవ్వాడు. జవాన్లు కూడా నవ్వారు. ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెప్పింది. దాని కంటే ఏ అబద్ధం చెప్పినా నమ్మేవాళ్లు. ఇనుప చువ్వలతో గోడలు పొడిచారు, పొయ్యి తవ్వారు, గుమ్మి చీల్చారు. నేను రోజూ అలికిన నేలంతా గుంతలు చేశారు. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే తీసుకుని పోయేవారేమో. దొరకకపోయేసరికి ఊరి బయట ఎక్కడో పాతిపెట్టామని తేల్చారు. చావడికి నడవమన్నారు ఆయనను. పోతూ పోతూ పటేలు ఇసుర్రాయి దగ్గర ఆగాడు. "గీ రాయి గూడ పట్టుకరా. సాక్ష్యం కావాలె గద!" అన్నాడు. పైరాయి ఎత్తి ఆయన భుజం మీద పెట్టారు.

చావడి ముందు ఎండలో ఆయనను వంగబెట్టి ఆ రాయి నడుము మీద పెట్టారు. గింజలు ఎక్కడున్నాయో చెప్పేదాకా లేవద్దన్నారు. లేని గింజలు ఎక్కడున్నాయని చెబుతాడు?

ఆ సంగతి ఎవరో వచ్చి చెబుతుండగానే నా నడుములో నొప్పి లేచింది. మా అత్త చావడికి పోవడానికి ఒక కాలు గడప అవతల పెట్టింది. నా కేక విని ఆగిపోయింది. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. అట్లా ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. అక్కడ కొడుకు. ఇక్కడ నేను. ఆమె ముఖం అటే ఉంది. ఆ తర్వాత కాలు లోపలికి తీసుకుని తలుపు వేసింది.

మంత్రసానికి కబురు పంపింది గానీ, ఆమె వచ్చేదాకా ఆగే పనే లేకపోయింది. తవ్విపోసిన మట్టిలో, పైరాయి పోయి సీల ఒక్కటే మిగిలిన కింది రాయి ముందు గొంతుక్కూర్చున్నాను. అత్త వెనక నుంచి నా చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. "వంగు. ఇసురుతున్నట్టె వంగు బిడ్డా," అంటోంది. నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదలు. నా ఒళ్లు నేను చెప్పకుండానే ముందుకు పోయి వెనక్కి వచ్చింది. అన్ని నెలలు నేర్చుకున్న పని అది ఒక్కటే. మంత్రసాని వచ్చేసరికి బిడ్డ మా అత్త చేతుల్లో ఉంది. ఆడపిల్ల.

"తొలిసూలు గింత అలకగైంది నేనైతె సూడలే," అంది మంత్రసాని.

ఆ మాటకు మా అత్త నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. ఎవరి కోసం ఏడుస్తోందో నాకు తెలుసు. మంత్రసానికీ తెలుసు. ఇద్దరమూ ఓదార్చలేదు.

పొద్దు గూకేటప్పుడు ఆయన వచ్చాడు. రాయిని తిరిగి ఆయన చేతనే మోయించి పంపారు. గడపలోంచి వస్తుంటే తల తగలలేదు. దాన్ని దాని జాగాలో పెట్టి, పక్కనే నేల మీద ఒరిగి, బిడ్డను అడ్డంగా పడుకునే చూశాడు. "మంచిగున్నరా?" అని అడిగాడు. మంచిగున్నామని చెప్పాను.

ఆయన నడుము మళ్లీ లేవలేదు. పసరు కట్టాం, కాపడం పెట్టాం, భువనగిరి దవాఖానకు బండి కట్టుకుని పోయాం. ఏదీ పని చేయలేదు. ఆ తర్వాత మా గుమ్మానికి ఆయన తల ఏనాడూ తగలలేదు. నాగలి నేను పట్టాను. ఒంగి కలుపు తీసి, ఒంగి కోసి, ఒక్కదాన్నే చెలక లాక్కొచ్చాను. నా ఒళ్లు నాకు బాగా పనికొచ్చింది. అందుకు సంతోషించాలో లేదో ఇప్పటికీ తెలియదు.

గింజలు మళ్లీ వచ్చినాక రొట్టెలు చేస్తే పళ్ల కింద ఇసుక. రాయి గాట్లలో దూరినది కొన్ని నెలలు రాలుతూనే ఉంది. ముగ్గురం తినేవాళ్లం. ఎవరూ ఊసేవాళ్లం కాదు. ఆయన ఒంగిపోయి కూర్చుని, నెమ్మదిగా నములుతుంటే ఆ చప్పుడు ఇంట్లో వినిపించేది. మా అత్త రొట్టె చేతిలో పట్టుకుని గోడ వైపు తిరిగి తినేది. బిడ్డ నడక నేర్చిన ఏడు ఆయన జ్వరం వచ్చి పోయాడు. జ్వరంతో పోయాడని ఊరంతా అన్నారు. మా అత్త అనలేదు. "బిడ్డను మంచం తిన్నది, కొడుకును రాయి తిన్నది. రెండూ నేనే ఏసిన," అంది నాతో ఒకసారి. నువ్వు కాదని నేననాలి. నా బిడ్డను ఎత్తుకుని ఉండి కూడా అనలేకపోయాను.

నా కూతురు పెరిగి, పెళ్లయి, తొలికాన్పుకు ఇంటికి వచ్చింది. అప్పటికి నైజాం రాజ్యం పోయి చాలా ఏళ్లయింది. లెవీ మాట పిల్లలకు తెలియదు. మా అత్తకు చూపు పోయింది, గోడకు ఆనుకుని కూర్చుని ఉంటోంది. ఇద్దరమే మిగిలిన ఆ ఇంట్లోకి నా కూతురు నవ్వుతూ వచ్చింది. మంచం ఇంకా అటక మీదే ఉంది. రాయి మూలకు ఉంది. నాకు ఏం చేయాలో తోచలేదు. మొదటిసారి ఆమెను నేనే అడిగాను.

"ఏం జేద్దామత్తమ్మా? పండవెడ్దామా, పని చెప్దామా?"

మనవరాలు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే కాళ్ల గొలుసులు గల్లుగల్లుమంటున్నాయి. అత్త తల అటు తిరిగింది.

"మంచమొద్దు. రాయొద్దు. నడిపియ్యి," అంది. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించింది. "సప్పుడు గాకుంట నడిపియ్యి."

ఇప్పుడు వినే వాళ్లెవరూ లేరు, ఎవరూ రారు అని ఆమెతో చెబుదామనుకున్నాను. చెప్పలేదు. వాకిట్లోకి పోయి, నా కూతురి ముందు గొంతుక్కూర్చుని, దాని కాళ్ల గొలుసులు విప్పాను.